ఆఖరి చుక్కతోక

ఉదయం ఏడూ నలభైకి, వేదిక మీది గాజుతొట్టికి కప్పిన పట్టుతెరను ఒక మూల ఎత్తి చూసిన డైరెక్టర్‌గారికి అందులో నీళ్లు కనిపించాయి, గులకరాళ్లు కనిపించాయి, చక్కగా పైకి లేస్తున్న గాలిబుడగలు కనిపించాయి, చేప మాత్రం కనిపించలేదు.

ఆయన తెర దించారు. మళ్లీ ఎత్తారు. మూడోసారి ఎత్తేముందు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. ఏ విషయాన్నయినా మూడుసార్లు పరిశీలించనిదే నమ్మరని ఆయనకున్న పేరు ఊరికే రాలేదు.

ఆ సమయానికి హాల్లో మేం ముగ్గురమే ఉన్నాం. మత్స్యశాఖ డైరెక్టర్‌గారు, తీగలు సరిచూసుకుంటున్న మైకు మేస్త్రీ, మా పత్రిక తరఫున వార్త రాయడానికి వచ్చిన నేను. విలేఖరులకు కాఫీ ఎనిమిదింటికి అన్నారు. అనుభవం కొద్దీ నేను ఏడున్నరకే వచ్చాను.

సరిగ్గా అప్పుడే మేస్త్రీ ఏదో మీట నొక్కాడు. ముందే రికార్డు చేసి ఉంచిన ప్రకటన హాలంతా మారుమోగింది.

"ప్రాంతీయ మత్స్య, వన్యప్రాణి సంరక్షణ సంస్థల పదకొండో మహాసభకు విచ్చేస్తున్న ప్రతినిధులకు స్వాగతం. ప్రపంచంలోకెల్లా ఆఖరిదైన చుక్కతోక చేపను గౌరవనీయులైన మంత్రివర్యులు మధ్యాహ్నం పన్నెండు గంటలకు తెర తీసి మనకు చూపిస్తారు. దయచేసి చేపకు చేతులు ఊపవద్దు. దాని ఏకాగ్రత చెడుతుంది."

డైరెక్టర్‌గారు నా వైపు తిరిగారు. "మీరేమీ చూడలేదు కదా?"

"చూశానండీ. తొట్టిలో ఏమీ లేకపోవడం చూశాను."

"అది రాయకండి."

"మరేం రాయమంటారు?"

ఆయన గడియారం వంక చూసుకున్నారు. "పన్నెండు దాకా ఆగండి. ఈలోపల అదే వస్తుంది."

పాఠకుల మేలు కోరి ఆగాను.

చుక్కతోక గురించి తెలియని పాఠకులు ఎవరైనా ఉంటే వారికోసం నాలుగు మాటలు. అది అరచేయంత పొడుగుండే బూడిదరంగు చేప. తోక మొదట్లో ఒక నల్లచుక్క. పదకొండేళ్ల కిందట మత్స్యశాఖ వారు చుక్కతోకల్ని లెక్కపెట్టారు. ఒకటి వచ్చింది. ఆ ఒక్కదాన్నీ ఆఫీసు గాజుతొట్టిలోనే ఉంచి, అప్పటినుంచి కంటికి రెప్పలా కాపాడుతున్నారు. దానికోసమే ఏటా మహాసభ. దానికోసమే డైరెక్టర్‌గారి పోస్టు.

హాలు గోడకి గడిచిన పది మహాసభల ఫోటోలు వరసగా తగిలించారు. ప్రతి ఫోటోలోనూ ఒక మంత్రిగారు, డైరెక్టర్‌గారు, చేప. మంత్రులు మారారు, డైరెక్టర్‌గారు మారలేదు. చేప మాత్రం కొంచెం కొంచెంగా మారుతూ వచ్చింది. మొదటి ఫోటోలో అయిదంగుళాలుంటే, రెండోదానిలో ఏడు, మూడోదానిలో నాలుగున్నర. ఒక ఏడాది లావెక్కింది. ఇంకో ఏడాది గుడ్లతో ఉంది. ఈ వింతను మామూలు కళ్లు పట్టించుకోవు. డైరెక్టర్‌గారు పట్టుకున్నారు. ఏటా పెరుగుతూ తరుగుతూ ఉండటం చుక్కతోక జాతి లక్షణమని మూడువందల పేజీల గ్రంథం రాసి డాక్టరేటు పుచ్చుకున్నారు. ఆ సంగతి తెలిసినవాళ్లెవరూ ఆయన్ని ఉత్త డైరెక్టర్‌గారని పిలవరు. నేను కాగితం ఆదా కోసం పిలుస్తున్నాను.

ఈ ఏడాది చేప కనబడటం ఇంకా ముఖ్యం. సభ్యసంస్థలన్నిటికీ కలిపి ఒక శాశ్వత కార్యాలయం పెట్టబోతున్నారు. దాని అధిపతికి పదవీ విరమణ ఉండదు. ఆఖరి జీవి ఎవరి దగ్గర ఉంటే కార్యాలయం వారిదని నిబంధన. మన దగ్గర ఆఖరి చేప ఉంది. పక్క ప్రాంతం వాళ్ల దగ్గర ఆఖరి తాబేలు ఉంది. వాళ్ల అధికారి ఆ తాబేలుని బుట్టలో పెట్టుకుని ముందురోజే దిగాడు. అందరూ ఆయన్ని తాబేలాయన అంటున్నారు. ఎనిమిదింటికల్లా ముందువరసలో కూర్చుని, బుట్ట ఒళ్లో పెట్టుకుని, తెరవైపే చూస్తున్నాడు.

*

ఎనిమిదీ పదికి వన్యప్రాణి విభాగం ప్రధానాధికారి వచ్చారు. ఆయన గదిలో నిలువెత్తు పులి బొమ్మ ఉంటుంది కాబట్టి పులిగారని పేరు. డైరెక్టర్‌గారు ఆయన్ని తెరచాటుకి తీసుకెళ్లారు. వెనకాలే నేనూ వెళ్లాను.

"చేప లేదు."

"మీ చేపే కదండీ. నాకెందుకు చెబుతున్నారు?"

"తొట్టిలో ఉన్నంతసేపే నాది. నీళ్లలోంచి బయటికొచ్చాక అది జలచరం కాదు. మీ విభాగం."

"బయటికొచ్చి నడిచిందా?"

"అది దర్యాప్తులో తేలాలి."

"నడిస్తే నాది. చచ్చిపోతే మ్యూజియం వాళ్లది. ఎవరైనా తినేస్తే ఆరోగ్యశాఖది." పులిగారు తొట్టిలోకి తొంగిచూసి ముక్కు మూసుకున్నారు. "ఏమిటీ వాసన?"

"ఫినాయిల్. సభకు ముందురోజు సాయంత్రం ప్రదర్శనలో పెట్టే వస్తువులన్నిటినీ ఫినాయిల్‌తో కడగాలని నా సర్క్యులర్. మొదటి మహాసభ నుంచీ అమల్లో ఉంది. ఒక్క ఏడాది కూడా తప్పలేదు."

ఆ మాట నేనూ ధ్రువీకరించగలను. హాలంతా ఆస్పత్రిలా పరిమళిస్తోంది. కుర్చీలు, గుమ్మాలు, వేదిక అంచున వరసగా పేర్చిన పదకొండు పూలకుండీలు, అన్నీ తళతళలాడుతున్నాయి. పది కుండీల్లో పూలు విరగబూశాయి. పదకొండోదానిలో మొక్కలేదు, తడిమట్టి మాత్రమే ఉంది. ఆ కుండీలకి గతేడాది ఉద్యానశాఖ వారు ప్రథమ బహుమతి ఇచ్చారు. ఏం ఎరువు వేస్తారని అడిగితే డైరెక్టర్‌గారు చిరునవ్వు నవ్వి, పరిపాలన అన్నారట.

ఇద్దరు అధికారులూ పది నిమిషాలు చర్చించి మూడు నిర్ణయాలు తీసుకున్నారు. ఒకటి, చేప పోయిందని ఎవరూ అనకూడదు, తాత్కాలికంగా అగుపడని స్థితిలో ఉందని అనాలి. రెండు, పోలీసుల్ని పిలవాలి. మూడు, పోలీసులు వచ్చేలోగా ఏదో ఒక చేపని తెచ్చి తొట్టిలో వేయాలి.

"చుక్క నేనే పెడతాను," అన్నారు డైరెక్టర్‌గారు, జేబులోంచి పెన్ను తీసి. "ముందు చేపని తెప్పించండి. బజారు ఇక్కడికి అయిదు నిమిషాలేగా?"

"బజారు మూసేశారండీ."

"ఎవరు మూశారు?"

"మీరే. మహాసభ జరిగే మూడురోజులూ చేపల బజారు తెరవకూడదని సర్క్యులర్ ఇచ్చారు. సంరక్షణ స్ఫూర్తి కోసం."

డైరెక్టర్‌గారు పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నారు. తన ఆజ్ఞ ఇంత కచ్చితంగా అమలైనందుకు ఆయన మొహంలో కనబడవలసిన తృప్తి, పని ఒత్తిడి వల్ల కనబడలేదు.

*

ఇన్‌స్పెక్టర్‌గారు తొమ్మిదింటికి వచ్చారు. ముప్పై ఏళ్ల అనుభవం. తొట్టిని అటునుంచి ఇటు చూశారు, ఇటునుంచి అటు చూశారు. అద్దాన్ని వేలితో టకటకా కొట్టారు.

"దీన్ని చూసుకునేది ఎవరు?"

"తొట్టి బాబాయి," అన్నాడు మైకు మేస్త్రీ.

తొట్టి బాబాయి అంటే చేపకి మేత వేసే ఉద్యోగి. నెత్తి నెరిసిన మనిషి. ఆఫీసులో అందరికీ బాబాయే. కూతురి కాన్పుకని పది రోజులు సెలవు పెట్టి, నిన్న సాయంత్రమే తిరిగొచ్చాడు. రోజూ పొద్దున్నే తొట్టి పక్కనుండే పుస్తకంలో 'ఆఖరి చేప, క్షేమం' అని రాసి సంతకం పెట్టడం ఆయన డ్యూటీ. ఇన్‌స్పెక్టర్‌గారు ఆ పుస్తకం తెరిచారు. ఆయన భుజం మీదుగా నేనూ చూశాను. ఇవాళ్టి తేదీ వేసి ఉంది. దాని పక్కన 'ఆఖరి చేప' అని రెండే మాటలున్నాయి. తర్వాత ఏమీ లేదు. సంతకం కూడా లేదు.

"సిరా అయిపోయినట్టుంది," అన్నారు ఇన్‌స్పెక్టర్‌గారు.

బాబాయి కోసం అందరం భవనం వెనక్కి వెళ్లాం. అక్కడి కారు పార్కింగ్ గురించి రాయకపోతే నా ధర్మానికి లోపం. నూటనలభై కార్లు పట్టే స్థలం. ప్రతినిధులకు ఏ ఇబ్బందీ కలగకూడదని రోడ్ల శాఖ వారు వారంరోజుల్లో సిద్ధం చేశారు. అంతకు ముందు అక్కడ ఏముండేదో పోల్చుకోలేనంత చదునుగా ఉంది. మట్టి కొత్తది, కాస్త మెత్తగా ఉంది, అంతే. ఒక తెల్లకారు బానెట్ మీద కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి, మెడ వంచి నేలకేసి తదేకంగా చూస్తోంది. అప్పుడే కారు దిగిన ప్రతినిధి ఒకాయన దాన్ని ఫోటో తీసుకుంటూ, వన్యప్రాణులు కూడా మనకి స్వాగతం చెబుతున్నాయన్నాడు.

ఆ కార్ల మధ్య నిలబడి ఉన్నాడు బాబాయి. ఒక చేతిలో బకెట్టు. ఇంకో చేతిలో పొడుగు కర్రకి కట్టిన చిన్న వల.

"వల ఎందుకయ్యా?" అన్నారు ఇన్‌స్పెక్టర్‌గారు.

"అలవాటు సార్."

"బకెట్టు?"

"అదీ అలవాటే సార్."

"చేప ఎక్కడ?"

బాబాయి నోరు తెరిచాడు. డైరెక్టర్‌గారి మొహం చూశాడు. కొంగ వంక చూశాడు.

ఇన్‌స్పెక్టర్‌గారు నన్ను పక్కకి పిలిచి, చెవిలో చెప్పారు. "వల పట్టుకుని బయట తిరిగేవాడు చేపని దొంగిలించడండీ. మరీ బాహాటంగా ఉంటుంది. అసలు దొంగ వేరే ఉంటాడు. రాసుకోండి."

రాసుకున్నాను.

"ఈ పది రోజులూ తొట్టి తాళం ఎవరి దగ్గరుంది?"

బాబాయి బకెట్టు కింద పెట్టాడు. "మా బావ దగ్గర సార్. క్యాంటీన్‌లో వంటమాస్టరు."

ఇన్‌స్పెక్టర్‌గారు ఆగిపోయారు. నెమ్మదిగా భవనం వైపు తిరిగి, గాలి పీల్చారు. వంటింట్లోంచి చేప వేపుడు వాసన వస్తోంది.

*

వంటమాస్టరు బాబాయి చెల్లెలి భర్త. భారీ మనిషి. మేం వెళ్లేసరికి మూడో పెనం మీద ముక్కలు తిరగేస్తున్నాడు.

"తాళం నీ దగ్గరుందా?"

"ఉంది సార్. బావ ఊరెళ్తూ ఇచ్చాడు. పొద్దున చిటికెడు, సాయంత్రం చిటికెడు మేత. ఒక్క పూట తప్పలేదు. నిన్న తాళం తిరిగిచ్చేశాను."

"ఇది చేప వేపుడేనా?"

"అవును సార్."

"చేపల సంరక్షణ సభలో చేప వేపుడా?"

"ప్రతి ఏడాదీ ఉంటుంది సార్. ఒక ఏడాది పెట్టకపోతే రెండోరోజు ఎవరూ రాలేదు. ఈ సరుకు బజారు మూయకముందే ఐసుపెట్టెల్లో వచ్చింది."

"మొత్తం ఎన్ని ముక్కలు?"

"ఆరువందలు."

"అందులో చుక్కతోక ఏది?"

వంటమాస్టరు గరిటె కింద పెట్టాడు. "సార్, మేత వేసిన చేతులతో ముక్కలు కోస్తానా?"

"నేనడిగింది అది కాదు."

చట్టం ఈ విషయంలో ఎంత కఠినమో పులిగారు అక్కడే వివరించారు. ఒక జాతిలో ఆఖరి జీవిని చంపినవాడికి పదేళ్ల జైలు. ఆఖరిదానికి ముందు వాటిని చంపితే మందలింపు. వంటమాస్టరు మొహంలో రంగు దిగిపోయింది.

సాక్ష్యం సీలు చేయాలన్నారు ఇన్‌స్పెక్టర్‌గారు. వేడి ముక్కల్ని సీలు చేస్తే మెత్తబడతాయన్నారు డైరెక్టర్‌గారు. చివరికి ఆరు సంస్థల నుంచి ఏడుగురు నిపుణులతో కమిటీ వేశారు. వేపుడు ముక్కల్లో చుక్కతోక ఉందో లేదో వాళ్లు తేల్చాలి. బల్ల వేశారు, పళ్లేలు పెట్టారు. కమిటీ పనిలోకి దిగింది.

నేను చాలా కమిటీలు చూశాను. ఇంత ఏకాగ్రతతో పనిచేసిన కమిటీని చూడలేదు.

"ఇది కాదు," అన్నారు మొదటి నిపుణుడు, ముల్లు పక్కన పెడుతూ.

"ఎలా చెప్పగలరు? చుక్కతోక రుచి మీకు తెలుసా?"

"తెలీదు. అందుకే ఇంకో ముక్క చూడాలి."

"నా దాంట్లో అనుమానంగా ఉంది. కొంచెం నిమ్మరసం ఉంటే స్పష్టంగా తెలుస్తుంది."

"నాది నిస్సందేహంగా వేరే చేప. అయినా నిర్ధారణ కోసం తోకవైపు ముక్క వేయండి."

ముప్పావుగంటలో నూటపది ముక్కల పరిశీలన పూర్తయింది. కమిటీ చేతులు కడుక్కుని నివేదిక ఇచ్చింది. పరిశీలించిన ముక్కల్లో చుక్కతోక లేదని చెప్పలేము, ఉందని చెప్పడానికి ఇప్పుడు ముక్కలు లేవు, కాబట్టి వంటమాస్టరు మీద అనుమానం బలపడింది. ఒక నిపుణుడు మాత్రం భిన్నాభిప్రాయం నమోదు చేశారు. ఉప్పు తక్కువైందట.

వంటమాస్టరుని అదుపులోకి తీసుకున్నారు. పన్నెండింటికి మంత్రిగారు వేదిక మీద తమ చేతుల మీదుగా దోషిని పోలీసులకి అప్పగించేట్టు కార్యక్రమం మార్చారు. తెర తీసే అంశం కొట్టేసి, దాని కింద ఇది టైపు చేశారు.

*

పదకొండింటికి వంటింటి వెనక గోడ పక్కన సిగరెట్టు కాల్చుకుంటుంటే అటువైపు మాటలు వినిపించాయి. సన్నటి కిటికీ. వంటమాస్టరు బస్తా మీద కూర్చుని ఉన్నాడు. కానిస్టేబుల్ గుమ్మం దగ్గర వేపుడు తింటున్నాడు. బాబాయి ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"పదేళ్లట బావా. నేను జైలుకెళ్తే మీ చెల్లెల్ని ఎవరు చూస్తారు? నువ్వా? చేపనే చూసుకోలేకపోయావు."

"నీకేం కాదు. నేను మాట్లాడతాను."

"పొద్దుట్నుంచీ వల పట్టుకుని కార్ల మధ్య తిరుగుతున్నావు. అది మాట్లాడటమా?"

"పది రోజుల్లో ఫోన్‌లో ఒక్క మాట చెప్పొద్దా బావా నువ్వు?"

"ఏం చెప్పాలి? చేప బాగుందని రోజూ చెప్పాను కదా."

"వెనక సంగతి."

"వెనక ఏముంది, పార్కింగ్ వేశారు. అది నీకు ఫోన్ చేసి చెప్పాలా? నీకు కారుందా?"

బాబాయి వలని గోడకి ఆనించి, బకెట్టు బోర్లించి, దాని మీద కూలబడ్డాడు.

"నిజం చెబితే ఏమవుతుంది బావా?" అన్నాడు.

"ఏం నిజం?"

"ఏదో ఒకటి."

"నీ ఉద్యోగం పోతుంది. నాకు తెలిసి నిజం చెప్పి ప్రమోషన్ తెచ్చుకున్నవాడు ఈ ఆఫీసులో లేడు."

"ఉద్యోగం పోతే పోయింది. చెల్లెలి మొహం ఎలా చూడను?"

"అయితే చేప ఎక్కడుందో చెప్పు."

"కుండీలో."

"ఈ టైములో జోకులా?" అన్నాడు వంటమాస్టరు. "వెళ్లు. మంత్రిగారి కారొచ్చినట్టుంది."

*

మంత్రిగారు పన్నెండూ అయిదుకి వేదిక ఎక్కారు. దారిలోనే విషయం చెప్పారు కాబట్టి ఆయనకి సందేహం ఒక్కటే మిగిలింది.

"చేప ఉన్నట్టా, లేనట్టా?"

"రికార్డుల్లో ఉంది సార్," అన్నారు డైరెక్టర్‌గారు.

"అయితే చాలు," అని మంత్రిగారు మైకు అందుకున్నారు. ఆయన ప్రసంగం పూర్తిపాఠం లోపలి పేజీల్లో ఉంది. ఇక్కడ రెండు ముక్కలు.

"కనబడే చేపని ఎవరైనా కాపాడతారు. అందులో గొప్పేముంది? కనబడని చేపని కూడా కాపాడే ప్రభుత్వం మాది. ఈ ఖాళీ తొట్టి మన చిత్తశుద్ధికి నిదర్శనం. శాశ్వత కార్యాలయం ఈ తొట్టి చుట్టూనే కడతాం."

చప్పట్లు మోగాయి. ముందువరసలో తాబేలాయన మాత్రం కొట్టలేదు. చెయ్యెత్తి, ఖాళీ తొట్టికి కార్యాలయం ఇవ్వడం నిబంధనలకి విరుద్ధమన్నాడు. బుట్టలోంచి తాబేలు కూడా తల బయటపెట్టి చూసింది.

"మన తప్పేమీ లేదని నిరూపిస్తున్నాం కదా," అన్నారు మంత్రిగారు. "చేపని తిన్నవాడు దొరికాడు. తీసుకురండి."

వంటమాస్టరుని నడిపించుకొచ్చారు. ఇంకా ఏప్రన్ కట్టుకునే ఉన్నాడు. ఫోటోగ్రాఫర్లు ముందుకి తోసుకొచ్చారు. మంత్రిగారు ఒక చెయ్యి వంటమాస్టరు భుజం మీద, ఇంకో చెయ్యి ఇన్‌స్పెక్టర్‌గారి భుజం మీద వేసి నిలబడ్డారు. పదకొండో ఫోటో సిద్ధమైంది. డైరెక్టర్‌గారు పక్కకొచ్చి నిలబడ్డారు.

అప్పుడు వేదిక మెట్ల మీద బకెట్టు చప్పుడైంది.

తొట్టి బాబాయి పైకొచ్చాడు. ఎవరూ ఆపలేదు. బకెట్టు చేతిలో ఉన్నవాడిని సభల్లో ఎవరూ ఆపరు, ఏదో కడగడానికి వచ్చాడనుకుంటారు. నేరుగా మైకు దగ్గరికి వెళ్లి, బకెట్టు కింద పెట్టి, రెండు చేతులూ కట్టుకున్నాడు.

డైరెక్టర్‌గారు మైకు మేస్త్రీ వైపు చూసి చెయ్యి ఊపారు. మేస్త్రీ దాన్ని ఎలా అర్థం చేసుకున్నాడో, ధ్వని పెంచాడు.

"సార్, మా బావ తినలేదు సార్. ఆయనకి చేప వాసనే పడదు. అందుకే ఎప్పుడూ ఉప్పు సరిపోదు, రుచి చూడడు కదా. వదిలేయండి. చంపింది నేను.

నిన్న సాయంత్రం ఊరినుంచి రాగానే సర్క్యులర్ చేతిలో పెట్టారు. తొట్టి ఫినాయిల్‌తో కడగమని. ప్రతి ఏడాదీ పెడతారు, ప్రతి ఏడాదీ కడుగుతాను. ఎన్ని నీళ్లు పోసి తొలిపినా తెల్లారేసరికి చేప వెల్లకిలా తేలుతుంది. మొదటి ఏడాది ఏడుపొచ్చింది సార్. ఉద్యోగం పోతుందని భయమేసింది. పూలకుండీలో పాతిపెట్టేసి, వల తీసుకుని వెనక కుంటకెళ్లి ఇంకోదాన్ని పట్టుకొచ్చి వేశాను. ఎవరూ గమనించలేదు. కాస్త పొడుగు తేడా వచ్చిందని డైరెక్టర్‌గారొక్కరే గమనించారు. దాని మీద పుస్తకం రాస్తున్నానని ఎంతో సంబరంగా చెప్పారు. ఆ సంబరం చూశాక చెప్పబుద్ధి కాలేదు సార్. ఏడాదికొకటి, ఒక్కోటీ ఒక్కో కుండీలో. నిన్నటిది ఆ చివరి కుండీలో ఉంది. ఇంకా మొక్క వెయ్యలేదు.

కుంటలో బోలెడున్నాయని లెక్కపెట్టిన రోజే చెప్పాను సార్. కావాలంటే వచ్చి చూడండన్నాను. కుంట రోడ్ల శాఖది, అందులోవి మన లెక్కలోకి రావు, మన తొట్టిలో ఎన్నుంటే అన్నే అన్నారు. పెద్దవాళ్లు, వాళ్లకి తెలుస్తుంది కదా అనుకున్నాను.

ఇవాళ కూడా తెల్లారగట్ల బకెట్టూ వలా తీసుకుని వెనక్కెళ్లాను. పది రోజులు ఊళ్లో లేను, నాకు తెలీదు. కుంట లేదు సార్. కార్లున్నాయి. ప్రతి కారు అద్దానికీ సంరక్షణ మహాసభ అని కాగితం అంటించి ఉంది. చీకట్లో దారి తప్పానేమో అనుకుని రెండుసార్లు చుట్టూ తిరిగొచ్చాను. అప్పుడు కొంగ కనబడింది. రోజూ గట్టు మీద నా పక్కన నిలబడేదే. కారు మీద నిలబడి కిందికి చూస్తోంది. సరైన చోటికే వచ్చానని అప్పుడు తెలిసింది.

తిరిగొచ్చి పుస్తకం తెరిచాను సార్. పదకొండేళ్లుగా రోజూ రాస్తున్నదే, 'ఆఖరి చేప, క్షేమం' అని. అలవాటుగా మొదలుపెట్టాను. 'ఆఖరి చేప' దాకా రాసేసరికి చెయ్యి ఆగిపోయింది. పదకొండేళ్లలో ఆ మాట నేను నిజంగా రాయడం ఇదే మొదటిసారి సార్."